మందున్న రోగం

ఆ సోమవారం తిరుమలరావు చేయవలసిన పనులు ఇవి. తెల్లవారగానే తండ్రి కూర్మనాథాన్ని పలాసలో డయాలసిస్‌కు దింపాలి. వచ్చే దారిలో కొబ్బరికాయలు దింపే కూలీల ఇంటి ముందు ఆగి, మర్నాడు పై తోటలోకి రమ్మని చెప్పాలి. జీడితోట కంచె పడిపోయిన చోట ముళ్లకంప వేయించాలి. తల్లి ఎర్రమ్మ కళ్లజోడు కాలు ఊడింది, దాన్ని బిగింపించాలి. విత్తనానికని తండ్రి ఏరి పెట్టిన కాయలను ఇసుకలో పాతి నీళ్లు పోయాలి. వీటన్నిటికన్నా ముఖ్యంగా, మూడో నెల గర్భిణి అయిన భార్య తనూజను ఊరి ఆశా కార్యకర్త నూకమ్మతో పాటు ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లి, మొదటి రక్తపరీక్షలన్నీ చేయించాలి.

సాయంత్రానికి అన్ని పనులూ అయ్యాయి. కళ్లజోడు కాలు కూడా గట్టిగా నిలబడింది. రక్తపరీక్ష ఒక్కటే కాలేదు.

ఎవరూ అతన్ని తప్పు పట్టలేదు. తండ్రిని వారానికి మూడుసార్లు పలాస తిప్పే కొడుకు, తోట పని, ఇంటి పని ఒంటిచేత్తో చూసుకునే కొడుకు. ఒక పని వెనకబడితే ఎవరు మాత్రం ఏమంటారు? నూకమ్మ గుమ్మంలోకి వచ్చి అడిగితే, టెక్కలిలో మంచి ప్రైవేటు క్లినిక్ ఉందని, అక్కడే చూపిస్తానని తిరుమలరావు చెప్పాడు. ఆమె కాసేపు నిలబడి, "ఎక్కడైనా ఒకటే తమ్ముడూ, పరీచ్చలు మాత్రం మానీకు," అని వెళ్లిపోయింది. అతను చేయలేక మానలేదని, చేయకూడదని మానాడని ఆమెకు తెలియదు. ఈ కథ ఆ మానేసిన పని గురించే.

అక్కుపల్లి వైపు వెళ్లే దారిలో ఉంది వాళ్ల ఊరు. ఉద్దానం ఊళ్లన్నిటిలాగే అక్కడా కొబ్బరి, జీడి, మధ్యలో పనస. అన్ని ఊళ్లలోలాగే ప్రతి వీధిలోనూ కిడ్నీ రోగి. మిగతా చోట్ల మనుషులు ఎదురైతే భోజనమైందా అని పలకరించుకుంటారు. ఇక్కడ టీకొట్టు దగ్గర, కిడ్నీ పరీక్షలో క్రియాటిన్ ఎంతుందని అడుగుతారు. చెప్పేవాడు సిగ్గుపడడు, వినేవాడు ఆశ్చర్యపోడు. నీళ్లదా, నేలదా, ఎండదా అని పెద్ద పెద్దవాళ్లు వచ్చి చూసి వెళ్లారు గానీ, తన తప్పేమిటో కూర్మనాథానికి ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. ఎవరి తప్పూ కాని రోగం కాబట్టి దాన్ని నలుగురిలో చెప్పుకోవచ్చు. ఆ ఊళ్లో ఇంకో రోగానికి నోరు లేదు.

తిరుమలరావు ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడు. ఉద్యోగం వెతుక్కునేలోపే తండ్రి మంచాన పడ్డాడు. ఊరి కొబ్బరికాయల లోడు ఉత్తరాది మార్కెట్టుకు వెళ్లేటప్పుడు, రైతుల తరఫున నమ్మకమైన మనిషి ఒకడు లారీలో వెళ్లడం అక్కడి పద్ధతి. దిగిన చోట కాయ కుళ్లిందని, చిన్నదని వంక పెట్టకుండా అతను దగ్గరుండి చూసుకోవాలి. ఇదివరకు కూర్మనాథం వెళ్లేవాడు. ఇప్పుడు కొడుకు వెళుతున్నాడు.

ఆ ఏడాది మాఘమాసంలో వెళ్లిన లోడు మార్కెట్టు బయట ఆగిపోయింది. దించే హమాలీలు పని మానేసి కూర్చున్నారు. లారీ డ్రైవరు బైరాగి వరసకు బావ, నవ్వించే మనిషి. ఖాళీగా కూర్చుంటే కాళ్లు పట్టేస్తాయని తిరుమలరావును ఊళ్లోకి తీసుకెళ్లాడు. తాగుడు అలవాటు లేనివాడు తాగాడు. లాడ్జిలో ఒక స్త్రీతో గడిపాడు. ఆమె పేరు అతను అడగలేదు. ఆమెను నిందించడానికి నేను ఇది రాయడం లేదు. ఆమె బలవంతం చేయలేదు, మోసం చేయలేదు. జాగ్రత్త పడాలన్న సంగతి తెలిసినవాడు, చదువుకున్నవాడు, ఆ పూట ఆ జాగ్రత్త పడలేదు. జరిగింది అంతే.

ఇంటికి వచ్చిన కొన్నాళ్లకు అతనికి మర్మస్థానంలో చిన్న పుండు లేచింది. నొప్పి లేదు, దురద లేదు. చెప్పుకోవడానికి బైరాగి ఒక్కడే ఉన్నాడు. లారీ పలాసలో టైరు మార్పించుకుంటుంటే వెళ్లి పక్కకు పిలిచాడు.

"ఏటి బావా, మూతి అలగెట్టీసినావు? కాయ కుళ్లిపోనాదేటి?" అన్నాడు బైరాగి.

విషయం విన్నాక అతని నవ్వు కొంచెం తగ్గింది. అయినా భుజం తట్టాడు. "నొప్పి నేదు కదా? నొప్పి నేకపోతే ఏటీ కాదు. నాకూ ఒకపాలి అలగే వొచ్చి, దానంతటదే ఎల్లిపోనాది. పుండు పోతే రోగం పోనట్టే," అన్నాడు. జేబులోంచి ఏదో మందు గొట్టం తీసి ఇచ్చాడు.

బైరాగి చెప్పినట్టే పుండు దానంతటదే మానింది. మానిన చోటు చూసుకుని తిరుమలరావు ఇష్టదైవానికి దండం పెట్టుకున్నాడు. కానీ భయం మానలేదు. ఆ భయానికి ఒకే పేరు తెలుసు అతనికి, ఎయిడ్స్. ఫోనులో చదివింది ప్రతీదీ తనకు ఉన్నట్టే తోచేది. అన్నం ముందు కూర్చుని నాలుక అద్దంలో చూసుకునేవాడు. తనూజ పడకగదిలో పడుకుంటే, తాను నడుం నొప్పని చెప్పి అరుగు మీద చాప వేసుకునేవాడు. అలా ఉండడం ఆమెకు మేలు చేయడమేనని అనుకున్నాడు. ఆ మాట నిజమే. అదే మాట మీద చివరిదాకా నిలబడి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది.

ఒక రోజు టెక్కలి వెళ్లాడు. పలాసలో అయితే డయాలసిస్ దగ్గర అందరూ తెలిసినవాళ్లే. టెక్కలి బజారులో ఒక చిన్న ల్యాబుకు వెళ్లి, పేరు మార్చి చెప్పి, ఎయిడ్స్ పరీక్ష ఒక్కటే అడిగాడు. డాక్టరు రాశారా అంటే లేదన్నాడు. రక్తం తీసిన కుర్రాడు, ఏమీ లేదని చెప్పి, "ఎప్పటి సంగతండి?" అని అడిగాడు. మొన్న మాఘంలోనని చెబితే, అయితే ఇది తొందరపాటు పరీక్షని, మూడు నెలలు దాటాక మళ్లీ ఒకసారి చేయించుకోమని, వీలైతే పెద్దాసుపత్రిలో డాక్టరుకు అంతా చెప్పి చూపించుకోమని అన్నాడు. తిరుమలరావు మొదటి మాటను ఇంటికి మోసుకొచ్చాడు. మిగతా మాటలను ల్యాబులోనే వదిలేశాడు.

జీడి కోతలు వచ్చాయి. అప్పుడే అతనికి ఒళ్లు వెచ్చబడడం, కీళ్లు లాగడం మొదలైంది. గొంతు నొప్పి పట్టుకుని వదల్లేదు. అరచేతుల్లో రాగిరంగు మచ్చలు లేచాయి. ఎర్రమ్మ చూసి, జీడిసొన అంటుకుందని కొబ్బరినూనె రాసింది. జీడి పిక్కల సొన తగిలితే చెయ్యి మండుతుంది, తోలు ఊడుతుంది. ఈ మచ్చలు మండలేదు. తోటలో పుట్టి పెరిగినవాడికి ఆ తేడా తెలుసు. తల్లి చేతుల్లో తన చేతులు పెట్టి, నూనె రాయించుకుని, ఊరుకున్నాడు.

కానీ ఒంటి నీరసాన్ని జీడిసొన కింద తోసేయడం ఎర్రమ్మకు చేతకాలేదు. ఆమె మొగుడికి కూడా ఇలాగే మొదలైంది. ఒళ్లు వెచ్చన, కాళ్ల లాగుడు, అన్నం సయించకపోవడం. పెరట్లో కూర్చుని పైట కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తనూజ ఆమె తమ్ముడి కూతురు. మేనత్త ఏడుపు చూసి ఆమెకూ విషయం అర్థమైంది. అర్థమైందని అనుకుంది.

"బావా, నీకు కిడ్నీ అంట కదా. నాకెందుకు సెప్పనేదు? అందుకేనా అరుగు మీద పడుకుంటన్నావు?" అని అడిగింది.

ఇక్కడ తిరుమలరావు ఒక్క క్షణం తటపటాయించాడు. చదివేవాళ్లు ఆ క్షణాన్ని గమనించాలి. కాదు, ఇది వేరు అని చెప్పడానికి అతనికి దారి ఉంది. ఆమె వెతికి ఇచ్చిన దారి ఇంకొకటి ఉంది. అది మెత్తగా ఉంది, జాలితో నిండి ఉంది, ఊరు ఊరంతా నడిచిన దారి. అతను తల ఊపాడు.

ఆ రోజు నుంచి ఇంట్లో అతను రోగి. కూరలో ఉప్పు తగ్గింది. ఎర్రమ్మ నీళ్లు కాచి చల్లార్చి ఇచ్చింది. వీధిలో వాళ్లు వచ్చి పలకరించారు. ఇంత చిన్న వయసులోనే అని నిట్టూర్చారు. తండ్రి మాత్రం డయాలసిస్ సూదులతో గట్టిపడిన చేతిని కొడుకు చేతి మీద వేసి, చాలాసేపు తీయలేదు. తన రోగం కొడుక్కి ఇచ్చానని ఆ ముసలాయన కుమిలిపోతున్నాడని తిరుమలరావుకు తెలుసు. అయినా నిజం చెప్పలేదు.

పలాసలో అతని రక్తం పరీక్షకు ఇచ్చారు. క్రియాటిన్ మామూలుగానే ఉంది. కిడ్నీలు రెండూ నిక్షేపంగా ఉన్నాయని అక్కడి డాక్టరు చెప్పి, మరి జ్వరం ఎందుకు వస్తోందో చూడాలి, ఇంకొన్ని పరీక్షలు చేయిద్దాం, రేపు రండి అన్నాడు. ఆ చివరి మాట ఎవరూ వినలేదు. కిడ్నీ లేదంటే ఉద్దానంలో ఏమీ లేనట్టే. ఎర్రమ్మ అమ్మవారి గుడి ముందు కొబ్బరికాయ కొట్టి, ముక్కలు వీధంతా పంచింది. కూర్మనాథం ఆ పూట తనకు లెక్కపెట్టి ఇచ్చే నీళ్ల కంటే ఒక గుక్క ఎక్కువ తాగాడు. తనూజ తలంటుకుని, కొత్త చీర కట్టుకుని, అరుగు మీది చాప చుట్టి అటక మీద పెట్టేసింది.

"నీకు కిడ్నీ నేదని తెలిసీసరికి నాకు మళ్లీ పెళ్లయినట్టుంది బావా," అంది.

ఇప్పుడు అరుగు మీద పడుకోవడానికి అతని దగ్గర సాకు లేదు. మచ్చలు కూడా వాడిపోతున్నాయి. రెండు చోట్ల రెండు రక్తాలు ఇచ్చాను, రెండు చోట్లా ఏమీ లేదన్నారు కదా అని మనసును ఊరడించుకున్నాడు. గదిలోకి వెళ్లాడు.

తొలకరి వానలకు తనూజ నెల తప్పింది. ఇల్లంతా ఆనందం. ఆ ఇంట్లో బిడ్డ పుడితే కొబ్బరి మొక్క నాటుతారు. తిరుమలరావు పుట్టినప్పుడు నాటిన చెట్టు తిత్లీ తుపానులో కూలిపోయింది. ఈసారి గాలికి నిలిచే చెట్టు కావాలని కూర్మనాథం తానే తోటంతా తిరగలేక తిరిగి, మంచి తల్లిచెట్టు చూసి కాయలు ఏరించాడు. ఆ సోమవారం తిరుమలరావు ఇసుకలో పాతిన కాయలు అవే.

నూకమ్మ వచ్చి, గర్భిణులకు చేసే పరీక్షల పేర్లు చెప్పింది. రక్తం శాతం, చక్కెర, ఎయిడ్స్, ఇంకా ఏవో. ఎయిడ్స్ అన్న మాట దగ్గరే అతని చెవులు మూసుకుపోయాయి. దాని తర్వాత ఆమె చెప్పిన పేరు అతను వినలేదు. వినవలసింది ఆ పేరే. ల్యాబు కుర్రాడు మళ్లీ చేయించుకోమన్న గడువు ఎప్పుడో దాటిపోయింది. తన రక్తం చూపించుకోలేనివాడు భార్య రక్తం ఎలా చూడనిస్తాడు? ఊరి ఆసుపత్రిలో నర్సు వాళ్లకు దూరపు చుట్టం. అక్కడ ఏదైనా బయటపడితే తండ్రి డయాలసిస్ గదిలో తలెత్తగలడా? ఇలా ఆలోచించాడు. తండ్రి తల గురించి ఆలోచించాడు, తల్లి పరువు గురించి ఆలోచించాడు. తనూజ కడుపులో ఉన్నదాని గురించి ఆలోచించలేదు.

టెక్కలి ప్రైవేటు క్లినిక్‌లో స్కానింగ్ చేశారు. మొదటి రక్తపరీక్షలు చేయిస్తారా అని అడిగితే, "గవర్నమెంటోల్లు అన్నీ సేసీసినారండి," అన్నాడు. ఊరికి వచ్చాక నూకమ్మ అడిగితే, "ప్రైవేటులో అన్నీ సేసీసినారప్పా," అన్నాడు. రెండు చోట్లా ఒకటే అబద్ధం, మనుషులే మారారు. నూకమ్మ కాగితాలు చూపించమని రెండోసారి వచ్చింది. మూడోసారి వచ్చేసరికి, నీళ్లు మారితే ఒంటికి మంచిదన్న వంకతో తనూజను భావనపాడు దగ్గర పుట్టింటికి పంపించేశాడు. ఇక్కడివాళ్లు అక్కడ చూస్తున్నారనుకున్నారు. అక్కడివాళ్లు ఇక్కడ చూసేశారనుకున్నారు.

వానలు వెనకబట్టి మంచు పడుతున్న రోజుల్లో, ఏడో నెలలో, ఒక ఉదయం తనూజ ఫోను చేసింది. గొంతు మామూలుగానే ఉంది.

"బావా, కడుపులో గుంట నిన్నట్నుంచి కదల్నేదు. బెల్లం తిన్నాను, ఎడమ పక్కకి పడుకున్నాను. మాయమ్మ సెయ్యేసి సూసింది. ఏటీ తెలవడం నేదు. బేగి వొచ్చీ."

టెక్కలి పెద్దాసుపత్రిలో పరీక్షించిన డాక్టరు పేరు కీర్తి. ఆమె బిడ్డ గుండె చప్పుడు కోసం తనూజ పొట్ట మీద చాలా చోట్ల వెతికింది. తర్వాత యంత్రం ఆపేసి, దుప్పటి సరిగ్గా కప్పి, తనూజ చెయ్యి పట్టుకుని చెప్పింది. మర్నాడు మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. ఏడవలేదు. తనూజ తల్లి ఆ పిల్లను తుడిచి, తెచ్చిన పాత మెత్తటి చీర ముక్కలో చుట్టింది. తల నిండా జుట్టుంది, మీ నాన్న పోలికే అని ఎవరికి చెబుతున్నదో తెలియకుండా చెప్పింది.

తనూజ రక్తపరీక్షలన్నీ ఆ ఆసుపత్రిలో మొదటిసారి జరిగాయి. సాయంత్రం డాక్టరు తిరుమలరావును తన గదిలోకి పిలిచి తలుపు వేసింది. చాలా నెలల కిందట నొప్పి లేని పుండు ఏదైనా వచ్చిందా అని అడిగింది. అతను నేల చూశాడు. తర్వాత అరచేతుల మీద, అరికాళ్ల మీద మచ్చలు? వచ్చాయి. జ్వరం? వచ్చింది. తన ఒంట్లో జరిగిందంతా ఆమె పక్కనుండి చూసినట్టు అడుగుతోంది.

"ఎయిడ్సేనాండి?" అన్నాడు.

"కాదు. తనూజకు అది లేదు. మీకూ చేద్దాం, బహుశా ఉండదు. ఇది సిఫిలిస్. పాతకాలంలో సవాయి అనేవారు. మీ నుంచి ఆమెకు, ఆమె నుంచి బిడ్డకు వెళ్లింది."

అది అతను ఎప్పుడూ భయపడని పేరు. భయపడిన రోగం లేదు. లేదనుకున్న రోగం ఉంది.

"పుండు మానిపోనాది కదండి," అన్నాడు.

"పుండు మానుతుంది. రోగం లోపలికి వెళ్తుంది. అదే దాని గుణం." ఆమె గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "మీరు మొదట్లోనే వచ్చి ఉంటే ఒక పెన్సిలిన్ ఇంజక్షనుతో పోయేది. కనీసం మూడో నెలలో ఆమె రక్తం చూసి ఉన్నా, ఇద్దరికీ వైద్యం చేసి ఉంటే, బిడ్డ దక్కేది. ఇది ఏ ప్రభుత్వాసుపత్రిలోనైనా ఉచితం. పేరు బయటికి రాదు. మేము అడిగేది మీరు మంచివారా చెడ్డవారా అని కాదండి. ఎప్పుడు, ఏమైంది అని మాత్రమే."

తనూజకు తాను చెప్పాలా, అతను చెబుతాడా అని అడిగింది. నేనే చెబుతానని అతను అన్నాడు. పెళ్లయ్యాక అతను చేసిన పనుల్లో అన్నిటికన్నా కష్టమైనది అదే. మంచం పక్కన నిలబడి, లారీ దగ్గర మొదలుపెట్టి, అరుగు మీది చాప, టెక్కలి ల్యాబు, జీడిసొన, రెండు చోట్ల చెప్పిన అబద్ధం, ఏదీ వదలకుండా చెప్పాడు. ఆమె మధ్యలో ఆపలేదు. ఏడవలేదు. పాలు వచ్చి రవిక తడిసిపోతుంటే పైట లాక్కుంది.

"అత్త గుడికాడ కొబ్బరికాయ కొట్టిన రోజా?" అని మాత్రం అడిగింది.

అతను తల ఊపాడు.

"ఆ రోజు నాను తలంటుకున్నాను." తర్వాత ఇంకో మాట అడిగింది. "ఆవిడికి ఎవుళన్నా సెప్పినారా?"

ఎవరికని అతనికి అర్థం కాలేదు.

"ఆ లాడ్జీల మనిసికి. ఆవిడికీ పిల్లలుంటారు కదా."

తనూజ గోడవైపు తిరిగి పడుకుంది. ఇంజక్షన్లు చేయించుకుని, మళ్లీ ఎప్పుడు రక్తం చూపించాలో డాక్టరును తానే అడిగి తెలుసుకుని, పుట్టింటికి వెళ్లిపోయింది.

తిరుమలరావు కూడా ఇంజక్షన్లు చేయించుకున్నాడు. ఎయిడ్స్ పరీక్ష మళ్లీ చేశారు, లేదు. ఇన్ని నెలలు ఏ కాగితం కోసం ప్రాణం బిగబట్టుకున్నాడో ఆ కాగితం చేతికి వచ్చింది. దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని, పట్టపగలు, నలుగురూ చూస్తుండగా ఏడ్చాడు.

ఇంటికి వెళ్లి తల్లిదండ్రులకు కూడా చెప్పాడు. ఎర్రమ్మ విన్నది విననట్టు లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. నూనె రాసిన తన చేతులను ఆమె మళ్లీ మళ్లీ కడుక్కుంటున్న చప్పుడు వినబడింది. కూర్మనాథం మర్నాడు పలాసలో డయాలసిస్ మంచం మీద పడుకుని, గొట్టాల్లోకి తన రక్తం వెళ్లి వస్తుంటే, పక్కన నిలబడ్డ కొడుకును కూర్చోమన్నాడు.

"ఒరే, ఇటు సూడు," అన్నాడు. "ఈ గదిలో పడుకున్నోల్లని సూడు. మాకెవుడికీ ఈ రోగం ఎందుకొచ్చిందో తెలదు. పోయే మందు నేదు. ఒక్క సూదితో పోతాదని ఎవుడన్నా సెప్తే, ఈ గదిలో ఉన్నోల్లందరూ ఇచ్చాపురం దాకా మోకాళ్ల మీద నడిసెల్దురు. నీకా సూది ఉంది. ఊరి పక్కనే ఉంది. ఊరికినే ఏత్తారు. నువ్వెల్నేదు."

కొడుకు తల దించుకున్నాడు.

"తప్పు సేసినావని కాదురా నాను అడుగుతన్నది. మగోడివి, తాగినావు, ఎల్నావు. అది తప్పే, దానికి తనూజ ఏటంటాదో అది నువ్వు పడాల. నా ఏడుపు అది కాదు. నువ్వు నా రోగం కింద నీ రోగాన్ని దాసినావు. నా మీద ఏసుకుని నాను ఏడిసినాను, నా కొడుక్కి ఇచ్చీసినానని. ఆ ఏడుపూ పోనీ." ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. పక్క మంచం మీది మనిషి ఇటు తిరిగి వింటున్నాడు. కూర్మనాథం గొంతు తగ్గించలేదు. "మందు నేని రోగాన్ని టీకొట్టుకాడ సెప్పుకుంటన్నాం. మందున్న రోగాన్ని మంచం కింద దాసుకుంటన్నాం. దాసినోడికి ఏటీ కానేదు, సూసినావా? నువ్వు బాగానే ఉన్నావు. పోనాది ఆ గుంట."

తిరుమలరావు ఆ రోజే బైరాగి ఇంటికి వెళ్లాడు. తనకూ ఒకసారి పుండు వచ్చి పోయిందని బైరాగి చెప్పిన మాట అతనికి గుర్తుంది. బైరాగి మొదట నవ్వబోయాడు, తర్వాత కసురుకున్నాడు. బిడ్డ సంగతి విన్నాక చొక్కా వేసుకుని బండెక్కాడు. అతని రక్తంలోనూ ఆ రోగం ఉంది. అతని భార్యకు ఇంతకుముందు రెండుసార్లు కడుపు పోయింది. అది గాలి సోకిందని, నరదిష్టి అని ఇంట్లో అనుకుంటూ వచ్చారు. తర్వాతి లోడుకు తిరుమలరావు, బైరాగి ఇద్దరూ అదే దారిలో వెళ్లి, అదే లాడ్జి దగ్గర ఆగి, ఆ స్త్రీ కోసం అడిగారు. ఆమె అక్కడ లేదు. ఎక్కడికి పోయిందో చెప్పేవాళ్లు లేరు. తనూజ అడిగిన ప్రశ్నకు ఇప్పటికీ జవాబు లేదు.

తనూజ ఇంకా తిరిగి రాలేదు. వస్తుందని ఎవరూ అనడం లేదు, రాదని కూడా అనడం లేదు. ఒక్కసారి మాత్రం ఫోను చేసింది. మామ పాతించిన కాయలు మొలిచాయా అని అడిగింది. ఒకటి మొలిచిందని తిరుమలరావు చెప్పాడు. దాన్ని నాటమని, ఎండాకాలం నీళ్లు మానొద్దని చెప్పి ఫోను పెట్టేసింది. కూర్మనాథం కుర్చీ వేయించుకుని దగ్గర కూర్చుని, తిత్లీలో చెట్టు పడిపోయిన గోతిలోనే దాన్ని నాటించాడు. తాను లెక్కపెట్టుకుని తాగే మనిషి, ఆ మొక్కకు మాత్రం చెంబు నిండా పోయిస్తాడు.

ఇది చదివే మీలో ఎవరికైనా అలాంటి ఒక పూట ఉండి ఉండవచ్చు. ఎవరికీ చెప్పుకోలేక, ఫోనులో వెతుక్కుంటూ, వచ్చింది మానిపోయిందని సంతోషపడుతూ ఉండవచ్చు. మిమ్మల్ని దోషిగా నిలబెట్టే హక్కు నాకు లేదు. ఆసుపత్రి గుమ్మం మీ ఊరికి దూరం కాదని, అక్కడ అడిగేది మీ గుణం గురించి కాదని, జరిగింది దాచకుండా చెప్పి అన్ని పరీక్షలూ చేయించుకోమని, మీతో పాటు మీ ఇంటి మనిషికీ చేయించమని మాత్రమే వేడుకుంటున్నాను. గుమ్మం దాకా వెళ్లి, ఎవరైనా చూస్తారేమోనని కాళ్లు వెనక్కి లాగితే, తిరుమలరావును తలుచుకోనవసరం లేదు. తల నిండా జుట్టుతో పుట్టి, పాత చీర ముక్కలో చుట్టబడి, పేరైనా పెట్టించుకోకుండా వెళ్లిపోయిన ఆ ఆడపిల్లను ఒక్కసారి గుర్తు చేసుకోండి.